ఎదురుకాలు, పలచన గోలీ

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల కంటే ముందు నా పాదాలే ఈ లోకంలోకి వచ్చాయి. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్‌లో నన్ను లాగి భూమ్మీద పడేసిన మంత్రసాని మా అమ్మతో, "దీనికి సదువు రాపోయినా పర్లేదమ్మా, కాలుంది" అందట. ఆవిడ మాట పొల్లుపోలేదు. నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న డ్యూటీ దిగి వచ్చి పలక మీద దిద్దించిన అక్షరాలూ, దేవుడి గూటిలో ఉన్న నాలుగు పుస్తకాలూ నా చదువు. నా కాలు మాత్రం పెద్ద చదువే చదివింది.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు మూడుసార్లు తంతే నడుం పట్టు వదులుతుందని మా శ్రీకాకుళం వైపు నమ్మకం. ఇనుము పనికి ఇంత దూరం, ఈ హిందీ ఊరికి వచ్చిన మా పెద్దలు చింతపండు మూటతోపాటు ఆ నమ్మకాన్నీ రైలెక్కించి తెచ్చుకున్నారు. నేను సిద్ధగోరాకు కాపురానికి వచ్చిన ఏడాదిలోపే ఆదివారం పొద్దున్న మా గుమ్మం ముందు ఇద్దరో ముగ్గురో నడుం పట్టుకుని నిలబడడం మొదలైంది. ముందు మనవాళ్ళు, తరువాత బీహారీలు, ఆ తరువాత ఒక బెంగాలీ టీచరమ్మ. కాలికి భాషతో పనిలేదు కదా.

వచ్చినవాళ్ళు పరగడుపున తూర్పు ముఖంగా ద్వారబంధం పట్టుకుని నిలబడాలి. నేను మనసులో స్వామిని తలచుకుని ఎడమ మడమ నడుముకు ఆనించేదాన్ని. తన్నడమన్నది మాటవరసకే. పెద్దవాళ్ళయితే వెంటనే వంగి వాళ్ళ పాదాలకు దండం పెట్టేదాన్ని, తన్నిన పాపం పోవడానికి. తగ్గినవాళ్ళు మళ్ళీ వచ్చి తగ్గిందని చెప్పేవారు. తగ్గనివాళ్ళు ఇంకెక్కడికో పోయేవారు. వాళ్ళు మా గుమ్మానికి తిరిగి రారు కాబట్టి నా కాలికి ఒక్కనాడూ చెడ్డపేరు రాలేదు. రాని వాళ్ళందరికీ నేను కృతజ్ఞురాలిని.

ఒక్క మా ఆయన నడుం మీదే నా కాలు పడలేదు. పెళ్ళాం చేత తన్నించుకునేంత నొప్పి తనకు రాలేదనేవారు.

ఆయన కంపెనీలో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఎర్రగా కాగిన ఇనుమును జనం నెత్తి మీదుగా, ఒక్క కుదుపు లేకుండా మోసిన మనిషి. రెండేళ్ళ కిందట ఆయన గుండె లయ తప్పింది. అలా తప్పిన గుండెలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోతుందనీ, అలా పోకుండా రోజూ ఒక గోలీ వేసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. నెలనెలా నెత్తురు పరీక్ష చేయించుకోమన్నాడు. ఒక కార్డిచ్చి, ఎక్కడ ఏ మందు కొన్నా ముందు ఇది చూపించమన్నాడు. అన్నీ సరిగానే చెప్పాడు, చివర్లో ఒక్క మాట తప్ప. "యే ఖూన్ పత్లా కర్నే కీ దవా హై" అన్నాడు.

నెత్తురు పలచన చేసే మందు! మనలో మనిషి పలచనవడమంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. పిలవని పేరంటానికి వెళ్తే పలచన. సంఘం మీటింగులో వెనక బెంచీ దొరికితే పలచన. ఇక నెత్తురే పలచనయితే మనిషిలో మిగిలేదేమిటి?

"రగతం పలచనైపోనాదని తెలిత్తే ఈదిలో నాకేటి ఇలవుంటాదే? సారునీళ్ళనుకుంటారు" అన్నారు ఇంటికొచ్చాక. "ఎవురైనా అడిగితే బలం గోలీ అని సెప్పు."

"అమ్మాయి అడిగితేనో?"

"దానికీ బలం గోలీయే. దీపం కాడ మాటియ్యి."

ఇచ్చాను. భర్త మాటా దేవుడి దీపమూ ఒకచోట కలిశాక నాబోటిది ఇంకేం ఆలోచిస్తుంది? కార్డును ఆయన పంచాంగంలో దాచారు. అమావాస్యో ఏకాదశో చూసుకునేటప్పుడు అది కనిపించేది, దాన్ని పక్కకు జరిపి తిథి చూసుకునేదాన్ని.

బలం గోలీ బాగానే పేరు తెచ్చుకుంది. "అన్నయ్యకి రంగొచ్చింది" అని ఎదురింటి వదిన నెల తిరక్కుండానే కనిపెట్టింది. వాళ్ళాయనకు కూడా కావాలి, పేరు రాసిమ్మంది. అది హిమాలయాల్లో దొరికే వేరుతో చేస్తారనీ, మామూలు షాపుల్లో దొరకదనీ మా ఆయన చెప్పారు. అబద్ధాన్ని కూడా ఆయన క్రేన్ మీద సరుకులాగే ఎత్తి, కుదుపు లేకుండా దించగలరు.

మొన్నటి వానల్లో ఆయనకు పన్ను నొప్పి వచ్చింది. మందుల షాపుకు వెళ్ళారు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని షాపతను అడిగాడట. అడిగినందుకు అతనికి నా దండాలు. "తాకత్ కా గోలీ ఖాతా హూఁ" అన్నారట ఈయన. బలం గోలీకీ నొప్పి గోలీకీ పేచీ ఏముంటుంది? నాలుగు రోజులు రెండూ కలిపి మింగారు. పన్ను నొప్పి పోయింది. ఆ నెల చేయించుకోవలసిన నెత్తురు పరీక్ష వానలో కొట్టుకుపోయింది.

ఆ తరువాతి ఆదివారం పొద్దున్న ఆయన పీట మీద కూర్చుని ఉప్మా తింటున్నారు. బరువెత్తలేదు, వంగలేదు, తుమ్మనైనా లేదు. ఉన్నట్టుండి పళ్ళెం చేతిలోంచి జారింది. "ఒలమ్మో" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినలేదు. రెండు రెక్కల మధ్య వీపులో ఎవరో గునపం దించినట్టుందన్నారు.

మా వీధిలో పళ్ళెం జారిన చప్పుడుకు వైద్యం వస్తుంది. ఎదురింటి వదిన వచ్చింది, వెనకాలే పక్కింటి ఫోర్‌మన్‌గారు వచ్చారు.

"గేసు" అంది వదిన. "ఉప్మాలో సెనగపప్పేసినావా వదినా?"

"కొంచెం వేశాను."

"అదే మరి! సెప్పినానా?"

"గేసూ కాదు, గీసూ కాదు" అన్నారు ఫోర్‌మన్‌గారు. "నరం మీదకి నరం ఎక్కీసింది. వంకరైన ఇనప బద్దీని ఏటి సేత్తాం? ఏడి సేత్తాం. కాపడం ఎట్టమ్మా."

ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టాను. ఆయన పళ్ళు బిగబట్టి గోడను గుద్దుతున్నారు. ఉప్పు రెండుసార్లు చల్లారింది, నొప్పి చల్లారలేదు.

"ఇంట్లో ఇంత ఆస్పత్రెట్టుకుని ఉప్పు ఏయించుకోడమేటి వదినా?" అంది ఎదురింటి వదిన నా కాలికేసి చూస్తూ.

"మొగుణ్ణి ఎలా తంతాను?"

"ఊరందర్నీ తన్నినావు, ఇంట్లోవోడికి లేదేటి?"

"సచ్చిపోతన్నానే! తన్నీ!" అన్నారు మా ఆయన. అది ఆజ్ఞో ప్రార్థనో నాకు తెలియలేదు.

గుడి పంతులుగారికి ఫోన్ చేశాం. వదిన స్పీకర్ పెట్టింది, ధర్మసందేహం వీధికంతా వినబడాలి కదా. పంతులుగారు, "ఔషధంగా అయితే దోషం లేదమ్మా. మధ్యలో కట్టని కొత్త తువ్వాలు వేయండి. అయిన వెంటనే రెండు పాదాలూ పట్టుకుని క్షమించమని అడగండి. వెంటనే అంటున్నాను, వంట చేసుకుని తీరిగ్గా కాదు" అన్నారు. కొత్త తువ్వాలు కోసం బీరువా అంతా వెతికాం. ఎవరి గృహప్రవేశానికో పెట్టినది దొరికింది. అంచు ఎర్రగా ఉంది, పనికొస్తుందా అని ఫోర్‌మన్‌గారికి అనుమానం వచ్చింది. మళ్ళీ ఫోన్. పనికొస్తుందన్నారు.

ఆయన ద్వారబంధం పట్టుకుని నిలబడలేకపోయారు. చాప మీద బోర్లా పడుకోబెట్టాం. తువ్వాలు కప్పి, అన్నం గిన్నె వేడిగా ఉందో లేదో చూసినట్టుగా మడమ మూడుసార్లు ఆనించాను. వెంటనే వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన రెండు పాదాలూ రెండు చేతులతో పట్టుకుని నుదురు ఆనించాను. క్షమించు స్వామీ అనుకున్నాను.

ఆయన గోడకేసి చూస్తూ, "ఏటే, తన్నడం తన్నీసి దండం ఎట్టవేటి? ఎంటనే అన్నారు కదా పంతులుగారు" అన్నారు.

నా చేతులు ఆయన పాదాల మీదే ఉన్నాయి.

బొటనవేలు గిల్లాను. "ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడేటి? ఎట్టు మరి."

గోరు దిగేలా గిల్లాను. పిక్క మీద గిల్లాను, మోకాలి వెనక గిల్లాను. ఆయన దండం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. కాళ్ళు కదపమంటే కుడి పాదం కొంచెం ఊగింది. ఎడమది ఎవరిదో అయినట్టు పడి ఉంది.

వదిన ముఖం వెలిగిపోయింది. "సూసినావా నీ కాలి మహత్తెం! నొప్పి కిందకి దిగిపోతంది. కాళ్ళలోకి దిగి, ఏళ్ళలోంచి పోతాది."

"గంటసేపు కదపొద్దు. సల్లారాల" అన్నారు ఫోర్‌మన్‌గారు.

నేను గొంతెత్తే మనిషిని కాను. ఆ రోజు ఎత్తాను. "ఈయన్ని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పట్టండి" అన్నాను. ఎందుకో నాకు తెలియదు. దండం పెడితే తెలియని మనిషి బాగున్న మనిషి కాదని మాత్రం తెలుసు. ఫోర్‌మన్‌గారి వైద్యం ఎలాంటిదైనా, ఎత్తడంలో ఆయన నిజంగా ఫోర్‌మనే. మంచం పలక ఒకటి తెప్పించి, మా ఆయన్ని వంచకుండా, తిప్పకుండా దాని మీదికి చేర్చి, నలుగురి చేత ఒకే ఊపులో ఎత్తించి, ఎవరిదో టెంపోలో పడుకోబెట్టారు. "నా క్రేన్ కన్నా బాగా ఎత్తినావురా" అన్నారు మా ఆయన ఆ నొప్పిలోనే. నేను అమ్మాయికి ఫోన్ చేసి, దేవుడి గూటిలోంచి పంచాంగం తీసి సంచిలో వేసుకుని ఎక్కాను. తిథి చూడడానికి కాదు. అందులో ఏముందో నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు.

ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరు ఉన్నాడు. ఏమైందంటే, "పీఠ్ మే నస్ చఢ్ గయా" అన్నారు ఈయన. ఫోర్‌మన్‌గారి నరం అప్పటికే మా ఇంటి నరమైపోయింది. ఏమైనా మందులు వాడుతున్నారా అన్నాడు డాక్టరు. ఆయన సీలింగ్ ఫ్యాన్ కేసి చూశారు. "తాకత్ కా గోలీ."

డాక్టరు నొప్పికి ఇంజెక్షన్ రాశాడు. నర్సమ్మ సూది విప్పుతోంది. నా వెనకాల వదిన, ఫోర్‌మన్‌గారు, టెంపో అతను, పలక మోసినవాళ్ళు, అంటే మా వీధి సగం నిలబడి ఉంది. దీపం కళ్ళ ముందు ఆడింది. స్వామీ, దీపం నీది, మాట నాది, తప్పడమూ నాదే అనుకున్నాను.

"ఖూన్ పత్లా కర్నే వాలీ గోలీ ఖాతే హైఁ" అన్నాను. కొంచెం గట్టిగానే వచ్చింది. పంచాంగం తెరిచి కార్డు తీసి ఇచ్చాను. "కాళ్ళు గిల్లితే తెలియడం లేదు. పొద్దుటి నుంచి ఒంటికి కూడా వెళ్ళలేదు."

నర్సమ్మ చెయ్యి ఆగిపోయింది. డాక్టరు కార్డు చదివి, ఆయన పాదాల దగ్గరికి వెళ్ళి, తన పెన్నుతో అరికాలు గీశాడు. ఆ తరువాత అక్కడ ఎవరూ నడవలేదు, పరిగెత్తారు.

వెనక నుంచి వదిన, "ఒలమ్మ! హిమాలయాలన్నారు కదన్నయ్యా!" అంది.

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. "పలచన సేసీసినావు కదే" అన్నారు నాతో.

బిష్టుపూర్‌లో ఆఫీసు పని ఉండి వెళ్ళిన అమ్మాయి పరుగున వచ్చి సంగతి విని, "పాపా, ముఝే భీ నహీఁ బతాయా?" అంది ఏడుస్తూ, నాక్కూడా చెప్పలేదేమని. "నీకు బలం వత్తాదని సెప్పినాను కదమ్మా" అన్నారు. ఆ మాటకు అర్థం ఆయనకే తెలియాలి.

సొరంగంలాంటి మిషన్‌లో పెట్టి ఫోటో తీశారు. పెద్ద డాక్టరు, ఆపరేషన్ చేసేవాడు, నన్నూ అమ్మాయినీ కూర్చోబెట్టి తెర మీద చూపించాడు. వెన్నుపూసల లోపల గొట్టంలాంటి దారి ఉందట, అందులో వెన్నుపాము ఉంటుందట. ఆ దారిలో నెత్తురు కారి నిలిచిపోయిందట. "నీళ్ళ పైపు మీద ఎవరో కాలేసి తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది. కింది భాగానికి కబురు వెళ్ళడం లేదు" అన్నాడు హిందీలో.

అతను మామూలుగా అన్నాడు. నాకు మాత్రం ప్రపంచంలో ఇన్ని పోలికలుండగా అతనికి అదే ఎందుకు దొరికిందో అనిపించింది.

"ఆ కాలు నాదేనా బాబూ?" అన్నాను. పంటి గోలీలతో సహా జరిగింది చెప్పాను. తువ్వాలు సంగతి కూడా చెప్పాను.

అతను నవ్వలేదు. అందుకు ఈనాటికీ అతన్ని రోజూ తలచుకుంటాను. నొప్పి ఎప్పుడు వచ్చిందని అడిగాడు. కాలు పెట్టకముందేనన్నాను. "అయితే నెత్తురు కారడం అప్పుడే మొదలైందమ్మా. ఈ మందు వాడేవాళ్ళలో ఇలా జరగడం చాలా అరుదు. దెబ్బ తగలకుండానే జరగొచ్చు. పంటి గోలీలు కూడా కలిసి నెత్తురు మరీ పలచనైపోయింది. కానీ మీరు ఇంకెవరినీ తన్నకండి. గట్టిగా తన్ని ఉంటే ఇంకా పాడయ్యేది." తెర ఆర్పి, "ఇలాంటివాళ్ళు రెండు రోజులు మాలిష్ చేయించుకుని వస్తారు. మీరు గంటల్లోనే ఎలా వచ్చారు?" అన్నాడు.

"దండం పెట్టాను బాబూ, ఆయనకు తెలియలేదు" అన్నాను. అతను అది కాగితం మీద ఎలా రాసుకున్నాడో నాకు తెలియదు.

నెత్తురు మళ్ళీ చిక్కబడడానికి ముందు ఒక సూది ఇచ్చారు. అందులో ఉండేది ఆకుకూరల్లో ఉండే సరుకేనని అమ్మాయి చెప్పింది. ఇంకెవరో దానం చేసిన నెత్తుటి నీళ్ళు కూడా ఎక్కించారు. ఎవరో ఆ పుణ్యాత్ములు, చల్లగా ఉండాలి. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. పేరుకున్న నెత్తురు తీసేశామన్నారు. కాళ్ళు వస్తాయా అంటే, చూడాలన్నారు.

ఆ చూడడమే మిగిలింది. నడిచే మనిషిగా ఇంటికి వస్తారా, పలక మీద వెళ్ళిన మనిషిని పలక మీదే తెచ్చుకోవాలా అన్నది ఆ రెండు పాదాలకే తెలుసు, అవి చెప్పడం లేదు.

ఈలోగా ఆయన పరపతి పెరిగింది. నేర్చుకునే డాక్టర్లు గుంపులుగా వచ్చి మంచం చుట్టూ నిలబడేవారు. "రేర్ కేస్, వెరీ రేర్" అని పెద్ద డాక్టరు చెబుతుంటే మా ఆయన ముఖంలో క్రేన్ క్యాబిన్ నాటి కళ వచ్చేది. రేర్ అన్న మాట ఆయనకు కంపెనీలో తెలుసు, ఎక్కడా దొరకని స్పేర్ పార్టును అలాగంటారట. చూడవచ్చిన వదినతో, "గేసు అన్నావు కదమ్మా. గేసు ఎవుడికైనా వత్తాది. ఇది రానేరాదు" అన్నారు. పలచనైన మనిషి నాలుగు రోజుల్లో మళ్ళీ చిక్కబడ్డాడు.

వీధి మాత్రం రెండుగా చీలింది. నా కాలే ఆయన వెన్ను విరిచిందని సగం మంది. నా కాలి మహిమ వల్లే రోగం బయటపడిందని సగం మంది. పంతులుగారు తువ్వాలు అంచు ఎరుపు కాకపోయి ఉంటే ఇంకా బాగుండేదేమోనన్నారట. నా గురించి ఇంత ఆలోచించినవాళ్ళందరికీ మంచి జరగాలి.

నేను రోజూ పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళగానే ఆయన పాదాలు పట్టుకుని దండం పెట్టేదాన్ని. చూసినవాళ్ళు పతివ్రతనుకున్నారు. నేను చూసుకున్నది ఆయన ముఖం. ఆయనకూ తెలుసు, అందుకే కిటికీ వైపు తిరిగేవారు. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు లేదు. అయిదో రోజు కుడి బొటనవేలు కదిలిందని అమ్మాయి అంది, నాకు కనబడలేదు. ఆ పూట దేవుడి ముందు కూర్చుంటే ఏ స్తోత్రమూ నోటికి రాలేదు. ఎడమ కాలు స్వామీ, ఎడమ కాలు అని మాత్రం అన్నాను. ఎవరిదని అడిగి ఉంటే నాదో ఆయనదో చెప్పలేకపోయేదాన్ని.

తొమ్మిదో రోజు వాన. గొడుగు పట్టుకుని వచ్చి, తడిసిన చేతులు చెంగుకు తుడుచుకుని, పాదాలు పట్టుకున్నాను.

ఆయన కిటికీ వైపు చూస్తూనే, "సేతులు సల్లగా ఉన్నాయేటే" అన్నారు.

నేను తల ఎత్తలేదు. "ఏ పాదానికి?" అన్నాను.

"రెండింటికీని. తియ్యి, సలి."

తియ్యలేదు. ఆయన కూడా మళ్ళీ తియ్యమనలేదు.

ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తారు. ఎడమ కాలు కాస్త ఈడుస్తారు. గుండె గోలీ కొన్నాళ్ళు ఆపి, డాక్టర్లు మాట్లాడుకుని మళ్ళీ మొదలుపెట్టారు. మందు అవసరం మందుదే కదా. కార్డు చొక్కా పై జేబులో, పెన్ను పక్కన బయటికి కనిపించేలా ఉంటుంది. షాపుకు వెళ్ళి "ఖూన్ పత్లావాలా హూఁ" అని పరిచయం చేసుకుంటారు. మాట తప్పినందుకు నేను దీపానికి నలభై రోజులు ఒంటిపూట ఉన్నాను. ఆయన కూడా ఉంటానన్నారు, రెండో రోజుకే మానేశారు.

పోయిన ఆదివారం ఎదురింటి వదిన నడుం పట్టుకుని వచ్చి, పరగడుపున, తూర్పు ముఖంగా మా ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నేను మానేశానని ఆవిడకు తెలుసు. "నాకొక్కదానికే వదినా, ఎవురికీ సెప్పను" అంది.

"గోలీలేమైనా వేసుకుంటున్నావా?" అని అడిగాను.

వదిన వీధిలోకి ఇటు చూసింది, అటు చూసింది. తల నా చెవి దగ్గరికి తెచ్చింది.

"బలం గోలీ" అంది.

నేను ఎడమ కాలు ఎత్తాను. చెప్పులో పెట్టాను. రెండోది కూడా వేసుకుని, "పద వదినా, ఆటో పిలుద్దాం. ఆ గోలీ చీటీ పట్టుకురా" అన్నాను.